ఆర్గానిక్ వదిలేయమని జూనియర్లకి చెప్పకండి

కొంచెం పెద్ద పోస్టు ఇది. డిగ్రీలో కెమిస్ట్రీ ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఓపిగ్గా చివరిదాకా చదవండి. సీనియర్లు కూడా చదవండి, ఎందుకంటే నా గొడవంతా మీతోనే.

ప్రతి ఏడాది సెమిస్టర్ పరీక్షల ముందు మన గ్రూపులో ఒక ప్రశ్న వస్తుంది. "అన్నా, ఆర్గానిక్ అసలు ఎక్కట్లేదు, ఏం చెయ్యాలి?" కింద జవాబులు కూడా ఏటా అవే. "లైట్ తీస్కో తమ్ముడూ, ఇనార్గానిక్, ఫిజికల్ చూస్కో, పాసైపోతావ్." "పేరున్న రియాక్షన్లు ఒక పది బట్టీ కొట్టు, చాలు." "ఇంపార్టెంట్ క్వశ్చన్స్ పీడీఎఫ్ పెడతా ఆగు." చెప్పేవాళ్లు మంచి మనసుతోనే చెప్తున్నారు, నాకు తెలుసు. వాళ్లు అలాగే గట్టెక్కారు. కానీ ఈ సలహా మన పిల్లలకి చేసినంత నష్టం ఆ సబ్జెక్టు కూడా చెయ్యలేదని నా అభిప్రాయం.

ఎందుకంటే ఆర్గానిక్ ఒక సెమిస్టర్‌తో పోయేది కాదు. మొదటిసారి వదిలేస్తే రెండోసారి ఆల్కహాల్, ఫినాల్, ఆల్డిహైడ్ అని ఇంకో రూపంలో వస్తుంది. ఆ తర్వాత అమీన్లు, చక్కెరలు, అమైనో ఆమ్లాలు. బీజెడ్‌సీ వాళ్లకి బయోకెమిస్ట్రీలో మళ్లీ అదే. పీజీ ఎంట్రెన్స్ రాద్దామంటే అక్కడా అదే. నీట్ లాంగ్ టర్మ్ తీసుకునే మనోళ్లకి కెమిస్ట్రీలో మూడు ముక్కలుంటే ఒక ముక్క ఇదే. స్కూల్ టీచర్ అవుదామనుకునేవాళ్ల సంగతి కూడా ఆలోచించండి. ఏజెన్సీ స్కూళ్లలో టీచర్ పోస్టులు నూటికి నూరు మనకే అన్న జీవో నంబర్ 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. దాని మీద మన పోరాటం మనం చెయ్యాల్సిందే. కానీ ఈలోగా పరీక్ష హాల్లో పక్క బెంచీవాడితో పోటీ పడేది మన మార్కులే. ఒక పేపర్‌లో మూడో వంతు ముందే వదిలేసి పోటీకి పోవడం ఏం లెక్క?

హైదరాబాద్ చుట్టుపక్కల, విశాఖ దగ్గర పరవాడలో ఉన్న మందుల కంపెనీల సంగతి మీకు తెలుసు. అక్కడ ల్యాబ్‌లో కోటు వేసుకుని పనిచేసేవాళ్లు ఎక్కువగా ఆర్గానిక్ చదివినవాళ్లే. మన ఊళ్ల నుంచి కూడా అక్కడికి పోతున్నారు, డ్రమ్ములు దొర్లించడానికి, హెల్పర్లుగా. డ్రమ్ము మీద టొలీన్ అనో మెథనాల్ అనో రాసి ఉంటుంది. అది ఏంటో, దాని ఆవిరి పీలిస్తే ఏమవుతుందో, ఎంత తొందరగా అంటుకుంటుందో తెలిసినవాడు ఒక రకంగా పనిచేస్తాడు, తెలియనివాడు ఇంకో రకంగా. కాబట్టి ఇది ఉద్యోగం ఒక్కదాని విషయమే అనుకోకండి.

సరే, ఎందుకు ఎక్కట్లేదు? బట్టీ పడుతున్నాం కాబట్టి. ఇందులో పిల్లల తప్పు లేదు. టెన్త్ దాకా బట్టీ పనిచేసింది. ఇంటర్‌లో కూడా రెండు మార్కుల ప్రశ్నలకి పనిచేసింది. పైగా ఆంధ్రలో 2021-22 నుంచి డిగ్రీ మొత్తం ఇంగ్లిష్ మీడియమే అయింది. తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లకి అర్థం కాని వాక్యం ముందు మిగిలేది దాన్ని అలాగే మింగడమే. నేను చదివిన కాలేజీలో అయితే ఆర్గానిక్ చెప్పాల్సిన గెస్ట్ ఫ్యాకల్టీ సెమిస్టర్ సగం గడిచాక వచ్చారు. వచ్చాక రోజుకో చాప్టర్ చొప్పున బోర్డు మీద రాసి వెళ్లిపోయారు. మీలో చాలామందిది ఇదే అనుభవం అయి ఉంటుంది.

బట్టీకి లొంగే సబ్జెక్టులు కొన్ని ఉన్నాయి. ఇది లొంగదు. వంద చర్యలు బట్టీ పడితే పేపర్లో నూట ఒకటోది ఇస్తారు. కానీ ఈ వంద చర్యల్లో నడిచే కథ చాలావరకు ఒక్కటే. ఎలక్ట్రాన్లు ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటుకి పోతాయి, అంతే. ఎలక్ట్రాన్లు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నదాన్ని న్యూక్లియోఫైల్ అన్నారు, వాటికోసం ఆబగా చూసేదాన్ని ఎలక్ట్రోఫైల్ అన్నారు. పుస్తకంలో కనిపించే వంకర బాణం ఆ ప్రయాణాన్ని చూపిస్తుంది. బాణం తోక ఎలక్ట్రాన్లు ఉన్న చోట మొదలవ్వాలి, తల అవి చేరే చోట ఆగాలి. మనోళ్ల పేపర్లు చూడండి, పది మందిలో ఆరుగురు హైడ్రోజన్ అయాన్ దగ్గర తోక పెట్టి డబుల్ బాండ్ వైపు తల గీస్తారు. హైడ్రోజన్ కదిలి వస్తోంది కదా అని వాళ్ల లెక్క. కానీ బాణం పరమాణువు నడకని చూపించదు, ఎలక్ట్రాన్ల నడకని చూపిస్తుంది. హైడ్రోజన్ అయాన్ దగ్గర ఇవ్వడానికి ఒక్క ఎలక్ట్రాన్ కూడా లేదు. ఈ ఒక్క విషయం మొదటి వారంలో ఎవరైనా కూర్చోబెట్టి చెప్తే సగం భయం పోతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మార్కోవ్‌నికోవ్ నియమం. 1869 నాటిది, అందరూ బట్టీ పట్టేదే. డబుల్ బాండ్‌కి హెచ్‌బీఆర్ కలిపితే, ఏ కార్బన్‌కి హైడ్రోజన్లు ఎక్కువున్నాయో దానికే కొత్త హైడ్రోజన్ పోతుంది. ఉన్నోడికే ఇంకా పెట్టడం అన్నమాట. ఈ ముక్క మన పిల్లలకి గుర్తుండటానికి కష్టపడక్కర్లేదు, రోజూ చూసేదే. కానీ ఎందుకు అలా? ప్రొపీన్‌ని కాగితం మీద గీయండి. మూడు కార్బన్లు. చివరి కార్బన్‌కీ మధ్య కార్బన్‌కీ నడుమ డబుల్ బాండ్. ఆ డబుల్ బాండ్ ఎలక్ట్రాన్లు హెచ్‌బీఆర్‌లోని హైడ్రోజన్ని పట్టుకుంటాయి. హైడ్రోజన్ చివరి కార్బన్‌కి అతుక్కుంటే మధ్య కార్బన్ ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని ప్లస్ అవుతుంది. మధ్యదానికి అతుక్కుంటే చివరిది ప్లస్ అవుతుంది. రెండింట్లో ఏది మేలు? మధ్యలో ఉన్న కార్బన్‌కి రెండు పక్కలా కార్బన్లు ఉన్నాయి, అవి తమ ఎలక్ట్రాన్లని కొంచెం ఇటు తోసి లోటు తగ్గిస్తాయి. చివర ఉన్నదానికి ఒక్క పక్కే సాయం. ఇద్దరు పట్టుకున్న బరువు తేలిక, ఒక్కడు మోసే బరువు కష్టం. అందుకే ప్లస్ మధ్యలోనే వస్తుంది, బ్రోమైడ్ పోయి అక్కడే కూర్చుంటుంది. 2-బ్రోమోప్రొపేన్ వచ్చింది. నియమం గుర్తు లేకపోయినా జవాబు వచ్చింది, చూశారా.

ఇప్పుడు పెరాక్సైడ్ కలిపితే జవాబు తిరగబడుతుందని పుస్తకంలో ఉంటుంది. బట్టీ పట్టినవాడికి ఇది ఇంకో కొత్త నియమం, ఇంకో బరువు. అర్థం చేసుకున్నవాడికి ఇది పాత కథే. పెరాక్సైడ్ ఉంటే దారి మారి, ముందు బ్రోమిన్ రాడికల్ వచ్చి అతుక్కుంటుంది. అది చివరి కార్బన్‌కి అతుక్కుంటే ఒంటరి ఎలక్ట్రాన్ మధ్య కార్బన్ మీద మిగులుతుంది, అక్కడ దానికి రెండు పక్కలా సాయం ఉంది. తర్వాత హైడ్రోజన్ వచ్చి మధ్యలో చేరుతుంది. 1-బ్రోమోప్రొపేన్. రెండు చోట్లా మధ్య కార్బనే బరువు మోసింది. మారింది ఒక్కటే, మొదట ఎవరు వచ్చారన్నది.

ఇలా చదివితే టైం ఎక్కువ పడుతుందని అంటారు. మొదటి నెల పడుతుంది, నిజమే. ఇండక్టివ్ ఎఫెక్ట్, రెజొనెన్స్, హైపర్‌కాంజుగేషన్ అని మొదట్లో వచ్చే చాప్టర్‌ని అందరూ గబగబా దాటేస్తారు, అందులోంచి పెద్ద ప్రశ్న రాదని. అక్కడే ఆగాలి. దానికంటే ముందు, కార్బన్‌కి నాలుగు బంధాలు, నైట్రోజన్‌కి మూడు, ఆక్సిజన్‌కి రెండు, హైడ్రోజన్‌కి ఒకటి అన్న లెక్క వేళ్ల మీదకి రావాలి. జిగ్‌జాగ్ గీతల బొమ్మలో కనపడని హైడ్రోజన్లు ఎన్నో చెప్పగలగాలి. ఐదు బంధాలున్న కార్బన్ గీసి మార్కులు పోయాయని ఏడిస్తే నేనేం చేసేది!

ఇంగ్లిష్ గురించి కూడా ఒక మాట. ఆర్గానిక్‌లో ఉన్న ఇంగ్లిష్ ఎవరి ఇంట్లోనూ మాట్లాడే ఇంగ్లిష్ కాదు. "3-మిథైల్‌బ్యుటన్-2-ఓల్" అన్నది కాన్వెంట్‌లో చదివిన పిల్లకీ కొత్తే. ఇక్కడ అందరూ ఒకే గీత దగ్గర నిలబడ్డారు. నిజానికి మనం ఒక అడుగు ముందే ఉన్నాం. ఇంట్లో కోయ, స్కూల్లో తెలుగు, సంతలో ఒడియా మాట్లాడి పెరిగినవాళ్లం మనం. ఒక భాష వ్యాకరణం పట్టడం ఎలాగో మనకి ఎవరూ నేర్పకుండానే వచ్చింది. ఐయూపీఏసీ పేర్లు కూడా వ్యాకరణమే. మెథ్, ఎథ్, ప్రొప్, బ్యుట్ అంటే ఎన్ని కార్బన్లో చెప్తుంది. చివరి తోక ఏన్, ఈన్, ఐన్ అయితే బంధం ఒకటా రెండా మూడా చెప్తుంది. ఓల్ అంటే ఆల్కహాల్, ఆల్ అంటే ఆల్డిహైడ్, ఓన్ అంటే కీటోన్. ఒక పూట కూర్చుంటే పట్టుబడుతుంది.

ఫంక్షనల్ గ్రూప్ అన్న మాటకి నాకు తెలుగు పుస్తకంలో మాట కంటే మా కోయల గట్టు బాగా నప్పుతుంది. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అని ఉంటాయి కదా. ఎవరిది ఏ గట్టో తెలిస్తే ఎవరు అన్నదమ్ముల వరసో, ఎవరితో సంబంధం కలుపుకోవచ్చో తెలిసిపోతుంది, మనిషి పొడుగో పొట్టో చూడక్కర్లేదు. ఇదీ అంతే. అణువు ఎంత పెద్దదైనా దాని మీద ఓహెచ్ ఉందా, సీఓఓహెచ్ ఉందా చూస్తే అది ఎవరితో ఎలా ఉంటుందో చాలావరకు చెప్పొచ్చు. ఆల్కహాల్‌కి ఆమ్లంతో పొత్తు కుదిరితే ఎస్టర్ వస్తుంది. పోలిక ఇక్కడిదాకానే పనిచేస్తుంది సుమా. ఆల్డాల్ చర్యలో ఒకే గట్టు వాళ్లు ఇద్దరు కలిసిపోతారు, మా పెద్దలు వింటే ఒప్పుకోరు.

ఈ మధ్య ఇంకో రకం పోస్టులు తిరుగుతున్నాయి. "మన తాతముత్తాతలే అసలైన కెమిస్టులు, మనకి ఈ పుస్తకాలు ఎందుకు" అని. లైకులు బాగా వస్తాయి. ఇందులో సగం నిజం ఉంది, ఆ సగాన్ని నేనూ గట్టిగా నమ్ముతాను. కరక్కాయ రసం ఇనుము తగిలితే నల్లబడుతుందని మన అవ్వలకి తెలుసు. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు ఆ నలుపుతోనే బట్ట మీద గీతలు గీస్తారు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా వస్తుందని అందరికీ తెలుసు. ఇప్ప పువ్వు ఎన్ని రోజులు నానాలో, ఎప్పుడు కుండ దించాలో వాసన చూసి చెప్పేవాళ్లు ప్రతి ఊర్లో ఉన్నారు.

అయితే ఈ తెలివిని చదువుకి అడ్డం పెట్టుకోవడం నాకు నచ్చదు. దాన్ని చదువుకి మెట్టుగా వాడుకోవాలి. కరక్కాయ నలుపు అంటే ఏంటి? అందులో ఉన్న టానిన్లు ఫినాల్ జాతివి, ఇనుముతో కలిసి ముదురు రంగు ఇస్తాయి. ప్రాక్టికల్స్‌లో ఫినాల్ ఉందా లేదా చూడటానికి ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేస్తారు కదా, అదే పరీక్ష అవ్వ కత్తి మీద జరిగింది. పారాణి ఎందుకు ఎర్రబడింది? పసుపులోని కర్కుమిన్‌లో ఫినాల్ ఓహెచ్‌లు ఉన్నాయి. సున్నం క్షారం కాబట్టి వాటి హైడ్రోజన్ని లాగేసుకుంటుంది. మిగిలిన ఎలక్ట్రాన్లు అణువు పొడవునా పరుచుకుని, అది పీల్చుకునే కాంతి మారిపోతుంది. "ఫినాల్ ఎందుకు ఆమ్లం, ఎథనాల్ ఎందుకు కాదు" అన్న ప్రశ్నకి జవాబులో సగం ఇక్కడే ఉంది. ఎథనాల్ హైడ్రోజన్ పోగొట్టుకుంటే మిగిలిన ఎలక్ట్రాన్లకి పరుచుకోవడానికి చోటు లేదు. ఫినాల్‌లో బెంజీన్ వలయం ఉంది.

చింతపండు చూడండి. ఏటా సంతకి మోసుకుపోయి అమ్మేదే. అందులో పులుపు టార్టారిక్ ఆమ్లం. ద్రాక్ష సారా పీపాల్లో కూడా దాని లవణమే పేరుకుంటుంది. 1848లో లూయీ పాశ్చర్ ఆ ఆమ్లం లవణం ఒకదాని స్ఫటికాలని భూతద్దం కింద పెట్టి చూస్తే అవి రెండు రకాలుగా ఉన్నాయి, కుడి చెయ్యి ఎడమ చెయ్యిలాగా. శ్రావణంతో ఒక్కొక్కటీ ఏరి రెండు కుప్పలు పోశాడు. ఒక కుప్ప కరిగిస్తే పోలరైజ్డ్ కాంతి ఇటు తిరిగింది, ఇంకోటి కరిగిస్తే అటు తిరిగింది. మన పేపర్‌లో తరచుగా వచ్చే "టార్టారిక్ ఆమ్లం ఆప్టికల్ ఐసోమర్లు రాయండి" అన్న ప్రశ్న వెనక ఇంత కథ ఉంది. ఆ చాప్టర్ కాగితం మీద అర్థం కాకపోతే మట్టి ఉండలు, చీపురు పుల్లలు తెచ్చుకోండి. మధ్యలో ఒక ఉండ, నాలుగు పుల్లలు, నాలుగు రంగుల ఉండలు. అద్దంలో కనిపించేలా ఇంకోటి చెయ్యండి. ఒకదాని మీద ఒకటి పెట్టి సరిపెట్టడానికి ప్రయత్నించండి. సరిపోదు. ప్లాస్టిక్ మోడల్ కిట్ కొనడానికి డబ్బులు లేవని ఆగిపోనక్కర్లేదు.

ఇక సారా. ఇప్ప పువ్వులో చక్కెర ఎక్కువ, దాన్ని ఈస్ట్ ఎథనాల్‌గా మారుస్తుంది. ఎథనాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది, నీళ్లకి వంద కావాలి, అందుకే కుండలో ముందు ఆవిరయ్యేదాంట్లో ఎథనాల్ పాలు ఎక్కువ. ఇంతవరకు మనోళ్లకి చేత్తో తెలుసు. కానీ బయటి నుంచి వచ్చే కల్తీ సారాలో మెథనాల్ కలిస్తే వాసనకీ రుచికీ తేడా పట్టుకోలేం. రెండింటికీ తేడా ఒక్క కార్బన్. ఎథనాల్‌ని మన కాలేయం ఎసిటాల్డిహైడ్‌గా, ఆపై ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తుంది. మెథనాల్‌ని అదే ఎంజైమ్ ఫార్మాల్డిహైడ్‌గా మారుస్తుంది, అది ఫార్మిక్ ఆమ్లం అవుతుంది, అది కంటి నరాన్ని చంపుతుంది. ఆల్కహాల్ నుంచి ఆల్డిహైడ్, ఆల్డిహైడ్ నుంచి ఆమ్లం అని బోర్డు మీద ఆక్సిడేషన్ రాస్తారు చూడండి, అదే చర్య మనిషి ఒంట్లో జరిగితే ఇంత. కొన్నిసార్లు ఆస్పత్రిలో మెథనాల్ తాగినవాళ్లకి ఎథనాల్ ఇస్తారు, ఆ ఎంజైమ్‌ని వేరే పనిలో పెట్టడానికి. ఇది తెలిసిన ఒక్క పిల్ల ఊర్లో ఉంటే, చూపు మసకబారిందన్న మనిషిని "తెల్లారితే తగ్గుద్దిలే" అని పడుకోబెట్టకుండా రాత్రికి రాత్రే పెద్దాసుపత్రికి పంపిస్తుంది.

తాతల తెలివికి ఈ చదువు తోడైతే ఏమవుతుందో రెండు సంగతులు చెప్తా. మలేరియాకి మన ఆశా వర్కర్లు ఇచ్చే మాత్రల్లో ఉండే ఆర్టెమిసినిన్ జాతి మందు చైనాలో ఒక మొక్క నుంచి వచ్చింది. పాత వైద్య గ్రంథంలో ఆ మొక్కని నీళ్లలో నానబెట్టి పిండి తాగమని ఉంది, కాచమని లేదు. తూ యూయూ అనే ఆమె ఆ మాట పట్టుకుని, వేడికి మందు గుణం పోతోందేమో అని అనుమానించి, 1971లో 35 డిగ్రీలకే మరిగే ఈథర్‌తో సారం తీసింది. పనిచేసింది. ఆ అణువులో రెండు ఆక్సిజన్లు చేతులు పట్టుకున్న పెరాక్సైడ్ బంధం ఉంది, మలేరియా క్రిమిని చంపేది దాని బలమే. 2015లో ఆమెకి నోబెల్ వచ్చింది. గ్రంథం మొక్క పేరు చెప్పింది, ఈథర్ ఎందుకు వాడాలో కెమిస్ట్రీ చెప్పింది.

రెండోది మనకి దగ్గరిది. కేరళ అగస్త్యమల కొండల్లో కాణి ఆదివాసులు అలసట రాకుండా ఆరోగ్యపచ్చ అనే మొక్క కాయలు తింటారు. శాస్త్రవేత్తలు వాళ్లతో కొండ ఎక్కుతూ అది చూశారు. దాన్నుంచి జీవని అనే మందు తయారైంది, 1995లో ఒక కంపెనీకి దాని హక్కులిచ్చారు, వచ్చిన డబ్బులో సగం కాణి వాళ్లకని ఒప్పందం అయింది. దేశమంతా దీన్ని మంచి ఉదాహరణగా చెప్తారు, ఎందుకంటే మామూలుగా అయితే ఆ సగం కూడా రాదు. కానీ నాకు అది చదివినప్పుడల్లా ఒకటే అనిపిస్తుంది. మొక్క చూపించింది వాళ్లు, సారం తీసి, పరీక్షించి, కాగితాలు రాసింది వేరేవాళ్లు. ఆ బల్లకి ఇటువైపు కూడా ఒక కాణి పిల్ల కూర్చుని ఉంటే మాట ఇంకోలా సాగేది. మన అడవిలో ఇంకా ఎన్ని మొక్కలున్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

కాబట్టి సీనియర్లకి నా విన్నపం. ఈసారి "ఆర్గానిక్ ఎక్కట్లేదు" అని ఎవరైనా అడిగితే పీడీఎఫ్ పెట్టకండి. హాస్టల్‌లో ఒక ఆదివారం పొద్దున రెండు గంటలు కూర్చోబెట్టి బాణం ఎలా గీయాలో నేర్పండి. మీకు కోయలో వస్తే కోయలో, కువిలో వస్తే కువిలో, లంబాడీలో వస్తే లంబాడీలో చెప్పండి. పరీక్షలో ఇంగ్లిష్‌లో రాస్తారు, కానీ అర్థం అయ్యేది ఏ భాషలో అయినా అవ్వొచ్చు. లెక్చరర్ రాకపోతే ప్రిన్సిపాల్‌కి, ఐటీడీఏ పీవోకి అర్జీ రాయించండి, అది మనకి కొత్త పనేం కాదు. పది మందికి చెప్పే ఓపిక లేదంటే ఒక్కరికి చెప్పండి.

జూనియర్లకి ఒక లెక్క ఇస్తున్నా. 2-మిథైల్‌ప్రొపీన్‌కి ఆమ్లం సమక్షంలో నీళ్లు కలిపితే ఏమొస్తుంది? పుస్తకం మూసేసి, కాగితం మీద బాణాలతో సహా గీసి ఫోటో కామెంట్లో పెట్టండి. ప్లస్ ఏ కార్బన్ మీద వచ్చింది, దానికి ఎంతమంది సాయం పట్టారు అన్నది కూడా రాయాలి. తప్పొచ్చినా పెట్టండి, ఎవరూ నవ్వరు. ఆదివారం రాత్రి అన్నీ చూసి ఒక్కొక్కరికీ జవాబు రాస్తా.